వెనక బెంచి సందేహాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆడపిల్లల బడుల నుంచే. ఒక టీచరమ్మ, ఒక తల్లి కూడా రాశారు. అల్లరిని సమర్థించడం మా ఉద్దేశం కాదు. కానీ దాని వెనక ఉన్న కిటుకు తెలిస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది కాబట్టి, మందలింపులు పక్కన పెట్టి కిటుకులే చెబుతున్నాం.

ప్రశ్న: మా బెంచిలో ముగ్గురం. పాఠం మధ్యలో ఒకరికి నవ్వొస్తే ముగ్గురికీ వస్తుంది. ఎందుకు నవ్వుతున్నామో మాకే తెలియదు. ఆపుకుందామంటే ముక్కులోంచి గుర్రుమని చప్పుడొస్తుంది, దాంతో ఇంకా నవ్వు. రోజూ వరండాలో నిలబడుతున్నాం. — మూడో బెంచి ముగ్గురు, 9వ తరగతి

జవాబు: ఎందుకో తెలియకపోవడమే మామూలు. నవ్వు మీద పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్, జనం కబుర్ల మధ్యలో నవ్విన చోటల్లా దానికి ముందు ఏ మాట వచ్చిందో రాయించి చూశాడు. వాటిలో కాస్తయినా హాస్యం ఉన్నవి 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ "సరే, మళ్ళీ కలుద్దాం" లాంటి చప్పిడి మాటలు. ఒంటరిగా ఉన్నప్పటికంటే తోడున్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతామని కూడా ఆయన తేల్చాడు. అంటే మీ నవ్వుకి కారణం పాఠం కాదు, పక్కనున్న పిల్ల.

ఇక ఆ గుర్రు సంగతి. నవ్వంటే గాలిని తునకలు తునకలుగా బయటికి తోయడం. మీరేమో ఊపిరి నిండా పీల్చి, పెదాలు బిగించి కూర్చుంటారు. కింద నుంచి డయాఫ్రం తన్నుతుంటే ఆ గాలి ఎటు పోవాలి? ముక్కే దారి. కాబట్టి చేయాల్సింది దీనికి సరిగ్గా తిరగేసి. నవ్వు అంకురించగానే నోరు రవ్వంత తెరిచి, ఉన్న గాలంతా చప్పుడు కాకుండా వదిలేయండి. వదలడం నాలుగు లెక్కపెట్టేంత సేపు, పీల్చడం రెండు లెక్కపెట్టేంత సేపు. లోపల గాలే లేకపోతే నవ్వు పేలడానికి మందుగుండు ఉండదు. అదే సమయంలో 100 నుంచి 7 చొప్పున తగ్గించుకుంటూ రండి: 93, 86, 79, 72... లెక్కల్లో మరీ చురుకైన పిల్లయితే 13 చొప్పున తగ్గించాలి, లేకపోతే అటు లెక్కా ఇటు నవ్వూ రెండూ నడుస్తాయి.

చూపు ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. పక్కపిల్ల ముఖం చూడకూడదని అందరికీ తెలుసు. మరిచిపోయేది బెంచిని. ఒకరి భుజాలు ఊగితే బల్ల ఊగుతుంది, ఆ ఊపు మోచేతుల మీదుగా మిగతా ఇద్దరికీ చేరుతుంది. బల్ల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకోండి, మధ్యలో జానెడు ఎడం ఉంచండి. తొడ గిల్లుకోవడం మానేయండి. అది పనిచేయకపోగా, మీరు గిల్లుకోవడం చూసి పక్కపిల్ల పగలబడుతుంది. "ష్, నవ్వకే" అనడం కూడా అంతే. ముగ్గురిలో ఎవరికి నవ్వు తొందరగా వస్తుందో ఆ పిల్లని చివర కూర్చోబెట్టండి. మధ్యలో ఉంటే అంటించడానికి ఇద్దరు దొరుకుతారు, చివరైతే ఒక్కరే.

నవ్వేటప్పుడు కండరాల బిగువు కాసేపు సడలుతుంది. చేతిలో పెన్ను జారడం, కాళ్ళు వణకడం అందుకే. కొందరు ఆడపిల్లలకి గట్టిగా నవ్వితే మూత్రం ఆగదు. వయసుతో పాటు ఇది చాలామందిలో తగ్గుతుంది. విరామంలో తప్పకుండా ఒకసారి వెళ్ళి రావడం, మధ్యాహ్నం ఒకేసారి సీసాడు నీళ్ళు ఎత్తకుండా రోజంతా కొద్దికొద్దిగా తాగడం మేలు. తరచూ జరుగుతుంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పాలి, దీనికి వైద్యం ఉంది.

పోతే, మీది ఇంకా చిన్న కేసే. 1962 జనవరి 30న ఇప్పటి టాంజానియాలోని కషాషా అనే ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్ బడిలో ముగ్గురికి నవ్వు పట్టుకుంది. గుర్తుంచుకోండి, ముగ్గురే. అక్కడున్న 159 మందిలో 95 మందికి పాకింది. మార్చి 18న బడి మూసేశారు. అది సరదా నవ్వు కాదు, మధ్యలో ఏడుపు, కంగారు కూడా వచ్చేవి. మనసు మీది ఒత్తిడి గుంపులో ఒకరి నుంచి ఒకరికి పాకిందని తర్వాత వివరించారు. మీ నవ్వు గంట కొట్టగానే ఆగిపోతోంది కదా, భయపడక్కర్లేదు.

ప్రశ్న: మా నలుగురం క భాషలో మాట్లాడుకుంటాం. మొన్న లెక్కల టీచరు వెనక్కి తిరక్కుండానే "కబ కయ కటి కకి కపో" అన్నారు. పరువు పోయింది. కొత్త భాష ఏదైనా చెప్పండి. — బయటికి పోయిన నలుగురు

జవాబు: ఆవిడ కూడా ఒకప్పుడు వెనక బెంచీయే అయ్యుంటారు. క భాషలో లోపం ఏమిటంటే, అక్షరానికి ముందు చేరేది ఎప్పుడూ ఒకటే 'క'. ఒకే చప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తే చెవి దాన్ని వడగట్టేస్తుంది. ఫ్యాను చప్పుడు కాసేపటికి వినపడనట్టే ఇదీ. ఇక మిగిలేది మామూలు తెలుగే.

మొదటి మరమ్మతు: చేర్చే 'క'కి తర్వాతి అక్షరం గుణింతం పెట్టండి. అప్పుడు టీచరు అన్న మాట "కబ కయ కిటి కికి కోపో" అవుతుంది. వినేవాళ్ళకి ఏది అసలు అక్షరం, ఏది తోక అన్నది చటుక్కున తేలదు. రెండో మరమ్మతు: మాట మాటకీ చేర్చే అక్షరం మార్చడం. మొదటి మాటకి క, రెండోదానికి ప, మూడోదానికి మ, మళ్ళీ క. మూడోది, కష్టమైనది: అక్షరాలు వెనక నుంచి చదవడం. పుస్తకం "కంస్తపు" అవుతుంది. ఒత్తక్షరాన్ని విడగొట్టకూడదు, సున్నా తన అక్షరంతోనే ఉండాలి, చివర పొల్లు వస్తే ముందు అక్షరానికి అంటించాలి. మూడక్షరాల మాట వరకే ఇది నడుస్తుంది. మూడు దాటితే చెప్పేవాళ్ళు ముందు తడబడతారు, తర్వాత నవ్వుతారు, ఆ తర్వాత సంగతి పై జవాబులో ఉంది.

అయితే ఎంత గొప్ప భాషయినా దొరికిపోయేది పేర్ల దగ్గర. "సైన్స్ టీచర్ కవ కచ్చిం కది" అంటే ఇంకేం దాగింది? మనుషుల పేర్లకి, పాఠాల పేర్లకి ముందే మారుపేర్లు పెట్టుకోవాలి, అవి భాష కంటే తరచుగా మారాలి. ఇంకో పొరపాటు గుసగుస. గుసగుసలో గొంతు మోగదు, ఉత్త గాలి చప్పుడే. స, ష, చ అక్షరాలు బుసలు కొట్టి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో మొదటి వరస దాకా పాకుతాయి. గొంతు తగ్గించి మామూలుగా అన్న మాటే తక్కువ దూరం వెళ్తుంది. చెవి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టడమైతే "ఇక్కడో రహస్యం ఉంది" అని బోర్డు కట్టినట్టే.

ప్రశ్న: ఒక్కదానికే చెప్పాను. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. సాయంత్రానికి 45 మందికీ తెలిసింది. ఎలా? — మోసపోయిన పిల్ల

జవాబు: ఆ పిల్లని పూర్తిగా తప్పుపట్టలేం, లెక్క అలాంటిది. తెలిసిన ప్రతి పిల్లా "నీకొక్కదానికే" అంటూ ఇద్దరికి చెబుతుందనుకోండి. ఒకరు, ముగ్గురు, ఏడుగురు, పదిహేను, ముప్పై ఒకటి, అరవై మూడు. ఐదు విడతల్లో మీ క్లాసు అయిపోయి పక్క సెక్షన్‌కి కూడా మిగులుతుంది. రోజుకి ఆరు పీరియడ్లుంటే వాటి మధ్య సందులు ఐదు. కాబట్టి మొదటి పీరియడ్‌లో చెప్పిన సంగతి చివరి పీరియడ్‌కి అందరికీ చేరడం చాలా సహజం. తప్పనిసరిగా చెప్పాలనిపిస్తే చివరి గంట కొట్టాక చెప్పండి.

ఎవరి దగ్గర కారుతోందో కనిపెట్టాలంటే, ఎవరికీ నొప్పి కలగని ఉత్తుత్తి సంగతిని ముగ్గురికి మూడు రంగులతో చెప్పండి. ఒకరికి నీలం బ్యాగు కొంటున్నానని, ఒకరికి ఆకుపచ్చదని, ఒకరికి ఎర్రదని. మర్నాడు క్లాసులో ఏ రంగు తిరుగుతోందో చూస్తే చాలు. తీరా మూడు రంగులూ తిరుగుతుంటే మీ స్నేహాల ఎంపిక గురించి విడిగా మరో ఉత్తరం రాయండి.

ప్రశ్న: స్టీలు లంచ్ బాక్సు మూత రాలేదు. ఐదుగురం లాగాం. వచ్చేసరికి అన్నమంతా చరిత్ర పుస్తకం మీద పడింది. — ఆకలితో 7వ తరగతి

జవాబు: ఐదుగురు లాగింది మూతని కాదు, గాలిని. పొగలు కక్కే అన్నం పెట్టి వెంటనే బిగిస్తే, లోపలి ఆవిరి గాలిని బయటికి నెట్టేస్తుంది. చల్లారాక ఆ ఆవిరి నీటిచుక్కలవుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది, బయటి గాలి మూతని అదిమి పడుతుంది. 12 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి మూత వైశాల్యం దాదాపు 113 చదరపు సెంటీమీటర్లు. లోపలి ఒత్తిడి పదోవంతు తగ్గినా మూత మీద 11, 12 కిలోల బరువు పెట్టినంత పని.

కాబట్టి బలం వద్దు, సందు కావాలి. చెంచా కాడ చివరని మూత రబ్బరు కిందికి పోనిచ్చి కొంచెం పైకెత్తండి. "స్స్" అని చప్పుడొస్తే పనైపోయినట్టే, మూత వేలితో వస్తుంది. చెంచా లేకపోతే బాక్సు అడుగుని గోరువెచ్చటి నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచితే లోపలి గాలి వ్యాకోచించి పట్టు వదులుతుంది. ఇంట్లో అయితే ఆవిరి తగ్గేదాకా పది నిమిషాలు మూత ఓరగా పెట్టి, తర్వాత బిగించాలి. మూత సరిగా పడక కారిపోయే బాక్సుకి కారణం వేరు: రబ్బరు గాడిలో మెతుకు ఇరుక్కుని ఉంటుంది. వారానికోసారి రబ్బరు ఊడదీసి కడగమని చెప్పండి. పుస్తకం పేజీలు అతుక్కుపోతే లాగకండి. పేజీకీ పేజీకీ మధ్య తెల్లకాగితం పెట్టి, బరువు కింద ఆరనివ్వండి.

ప్రశ్న: మా బడిలో నాటకమంటే రాజు, మంత్రి, దొంగ అందరం మేమే. పోయినేడు రాజుగారి మీసం రెండో సీన్లో రాణిగారి భుజం మీద దొరికింది. ఈసారి రాజు నేను. — కాబోయే మహారాజు, 10వ తరగతి

జవాబు: మహారాజా, ముందు మీసం అంటించాలా, గీయాలా అన్నది తేల్చుకోండి. మా మాట వింటే గీయడమే మేలు. చెమటకి ఊడదు, రాణి భుజమెక్కదు. కానీ నల్లటి పెన్సిలుతో ఒకే పట్టీలా గీస్తే వెనక వరసలకి పెదవి మీద గొంగళిపురుగు పాకుతున్నట్టుంటుంది. ముందు గోధుమరంగు పెన్సిలుతో, ముక్కు కింద నుంచి పక్కలకి, వెంట్రుక పెరిగే దిశలోనే చిన్న చిన్న గీతలు. వాటి మధ్య నలుపుతో పలచగా మరికొన్ని. మధ్యలో చర్మం అక్కడక్కడా కనబడాలి. పైన పౌడరు అద్ది దులిపేస్తే చెరగదు.

లేదు, మెలితిప్పే మీసమే కావాలంటే అంటించాల్సిందే. ఊడిపోవడానికి అసలు కారణం జిగురు కాదు, మీసం ఒకే ముక్కగా ఉండటం. మాట్లాడినా నవ్వినా పై పెదవి సాగుతుంది, మీసం సాగదు, దాంతో అంచులు లేస్తాయి. సరిగ్గా నడిమికి కత్తిరించి రెండు ముక్కలు చేయండి. ముక్కు కింది పల్లంలో మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, అటొకటి ఇటొకటి అంటించండి. కింది వెంట్రుకలు పెదవిని తాకకుండా కత్తిరించాలి, లేకపోతే డైలాగులతో పాటు మీసమూ నోట్లోకి పోతుంది.

జిగురు రంగస్థలం మేకప్‌కి వాడే స్పిరిట్ గమ్ అయ్యుండాలి. ముందురోజే మోచేతి మడతలో చుక్క రాసి 24 గంటలు చూడండి. దద్దురో దురదో వస్తే దాన్ని మరిచిపోయి పెన్సిలు పట్టుకోండి. నాటకం రోజు పై పెదవిని సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. క్రీము కానీ నూనె కానీ ఉంటే జిగురు పట్టదు. పలచగా రాసి, వేలితో తట్టుతూ అంటుకునేంత జిడ్డుగా అయ్యేదాకా అరనిమిషం ఆగి, అప్పుడు మీసం పెట్టి తడిగుడ్డతో నిమిషం నొక్కిపట్టాలి. అందరూ చేసే తప్పు ఈ అరనిమిషం ఆగకపోవడం. తీసేటప్పుడు లాగొద్దు, దూదిని నూనెలో ముంచి అంచుల్లో అద్దితే రెండు మూడు నిమిషాల్లో వదులుతుంది. చెప్పులు అతికించే సూపర్ గ్లూ మాత్రం ముఖం దరిదాపుల్లోకి రానివ్వకండి. అది తేమ తగిలిన క్షణంలో గట్టిపడుతుంది, చర్మంతో సహా ఊడొస్తుంది. దూది మీద పడితే వేడెక్కి కాలుస్తుంది కూడా.

గొంతు గురించి అడగలేదు గానీ చెబుతాం. ఆడగొంతు సుమారు 200 హెర్ట్జ్ (అంటే సెకనుకి 200 కంపనాలు) దగ్గర, మగగొంతు 120 దగ్గర మోగుతుంది. అంత దూరం గొంతు నొక్కి దిగలేరు. నొక్కితే రెండో రోజుకి బొంగురే. దానికి బదులు మాట నెమ్మది చేయండి, వాక్యం చివర స్వరం కిందికి దించండి, పాదాలు భుజాల వెడల్పున పెట్టి నిలబడండి, అనవసరంగా తల ఊపకండి. నడుం చుట్టూ ఒక తువ్వాలు బిగించి దాని మీద అంగరఖా వేస్తే నడుం వంపు పోయి ఒళ్ళంతా ఒకే మందంగా కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మీ స్నేహితురాలైన రాణికి మిమ్మల్ని మీసంతో చూసి నవ్వు రావడం. మీసం పెట్టుకుని కనీసం మూడు రిహార్సళ్ళు చేయండి, కొత్తదనంతో పాటు నవ్వూ అరుగుతుంది. రాణి మీ కళ్ళలోకి కాకుండా కనుబొమల మధ్యకి చూడాలి. చూసేవాళ్ళకి తేడా తెలియదు.

ప్రశ్న: మా క్లాసులో 40 మందిమి. ఇద్దరి పుట్టినరోజు ఒకటే. వాళ్ళిద్దరూ మేం కవలలం అని గొప్పలు పోతున్నారు. అంత అరుదా? — అసూయ లేని పిల్ల

జవాబు: అరుదు కాదు. అలాంటి జంట లేకపోతేనే వింత. 23 మంది ఉంటేనే ఎవరో ఇద్దరికి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి మించుతుంది. 30 మందికి 70 శాతం, 40 మందికి 89 శాతం. 40 మందిలో ఇద్దరేసి జంటలు 780 ఏర్పడతాయి, ఏదో ఒక జంటకి కలిస్తే చాలు కదా. అయితే మీ పుట్టినరోజే మిగతా 39 మందిలో ఒకరితో కలిసే అవకాశం మాత్రం 10 శాతం. గొప్పలు పోవడానికి వాళ్ళకి ఆ మేరకు హక్కుంది. కేకు ఖర్చు సగమవుతుంది కాబట్టి ఇంకాస్త కూడా.

ప్రశ్న: మా జట్టు నలుగురికీ నెలసరి ఒకేసారి వస్తోంది. కలిసి తిరిగితే అలా అవుతుందంటారు, నిజమా? పైగా మేం "ఎర్ర పెన్నుందా" అని గుర్తుమాట పెట్టుకుంటే, సారు లేచి నిజంగానే ఎర్ర పెన్ను ఇచ్చారు. — ఎర్ర పెన్నుల జట్టు

జవాబు: సారు మంచివారు. గుర్తుమాటకి, అడిగితే ఎవరూ ఇవ్వలేని వస్తువుని ఎంచుకోవాలి. "నిన్నటి నోట్సు తెచ్చావా" అంటే మూడో మనిషి మధ్యలోకి రారు.

కలిసి రావడం గురించి: 1971లో మార్తా మెక్‌క్లింటాక్ అమెరికాలో ఒక మహిళా కళాశాల హాస్టల్లోని 135 మంది తేదీలు చూసి, దగ్గరి స్నేహితురాళ్ళకి అవి దగ్గరపడుతున్నాయని రాశారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. కానీ తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు. 2006లో చైనాలో హాస్టల్ గదుల్లో కలిసి ఉండే 186 మందిని గమనిస్తే అలాంటి కలయిక ఏమీ కనిపించలేదు. మరి మీకెందుకలా అనిపిస్తోంది? 28 రోజుల చక్రంలో ఇద్దరి తేదీల మధ్య ఎడం ఎంత ఎక్కువైనా 14 రోజులే, సగటున 7. ఒక్కొక్కరికి ఐదు రోజులు సాగితే ఎవరో ఇద్దరికి ఒకటి రెండు రోజులు కలవడం మామూలే. కలిసిన నెల గుర్తుంటుంది, కలవని నెల గుర్తుండదు. అదీగాక మీ వయసులో చక్రం 21 నుంచి 45 రోజుల దాకా ఎటైనా జరుగుతుంది. క్యాలెండర్లో ఆరు నెలలు నలుగురి తేదీలూ రాసి చూడండి, జట్టు చెదిరిపోతుంది.

అందుకే సంచిలో ఎప్పుడూ ఒక చిన్న పర్సు ఉండాలి: రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, వాడినది చుట్టడానికి కాగితాలు, ఒక ఖాళీ కవరు. ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. బట్టలకి మరక పడితే చల్లటి నీళ్ళే వాడాలి. వేడినీళ్ళు తగిలితే రక్తంలోని ప్రొటీను గుడ్డు ఉడికినట్టు గట్టిపడి దారానికి పట్టేస్తుంది. చల్లటి నీళ్ళలో ఉతికి, సబ్బు రాసి అరగంట వదిలి, మళ్ళీ ఉతకాలి. నడుముకి స్వెట్టరు కట్టుకోవడం పాత ఉపాయమే, ఒక్కతే కట్టుకుంటే అందరికీ అర్థమవుతుంది. నలుగురూ కట్టుకోండి, అది ఫ్యాషనవుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి తలలో పేలు. రోజూ తలస్నానం చేయిస్తున్నా పోవు. క్లాసులో ఏ పిల్ల నుంచి ఎగిరి వస్తున్నాయో తెలియడం లేదు. — ఒక తల్లి

జవాబు: పేను ఎగరలేదండీ, గెంతలేదు కూడా. నడుస్తుంది, అంతే. దానికి వంతెన కావాలి, ఆ వంతెన మీ అమ్మాయే వేస్తోంది. ఒకే పుస్తకంలోకి నాలుగు తలలు వంచడం, చెవి దగ్గర చెవి పెట్టి రహస్యం చెప్పుకోవడం, ఇవన్నీ వాటికి రాచబాటలు. శుభ్రతకీ దీనికీ సంబంధం లేదు. కడిగిన జుట్టయినా వాటికి ఒకటే. కాబట్టి తలస్నానాలు పెంచడం వల్ల లాభం లేదు, ఎవరి నుంచి వచ్చాయో వెతకడం వల్ల అంతకంటే లేదు.

జుట్టు తడిపి, కండిషనర్ దండిగా పట్టించండి. అందులో పేలు పరిగెత్తలేవు. చిక్కు తీసి, సన్నపళ్ళ పేల దువ్వెనతో నెత్తి చర్మం నుంచి కొసదాకా పాయ పాయగా దువ్వండి. ప్రతి దువ్వుకీ దువ్వెనని తెల్లటి గుడ్డకి తుడవాలి. పొడుగు జుట్టుకి అరగంట పైనే పడుతుంది. మూడేసి రోజులకోసారి, రెండు వారాల పాటు. జనం ఓడిపోయేది ఇక్కడే: మొదటిసారి పెద్ద పేలన్నీ పోగానే ఆపేస్తారు. ఈపి పగలడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. ఆ లోపల ఆపితే కొత్త తరం తయారు. మందు కావాలంటే 1 శాతం పెర్మెత్రిన్ పది నిమిషాలు ఉంచి కడిగి, తొమ్మిది పది రోజులకి మళ్ళీ రాయాలి. కిరోసిన్ వద్దు, ఎవరు చెప్పినా వద్దు. చర్మం కాలుతుంది, దీపం దగ్గరికి వెళ్తే ప్రాణాపాయం.

తలని వదిలిన పేను ఒకటి రెండు రోజులకి మించి బతకదు, కాబట్టి ఇల్లంతా కడగక్కర్లేదు. దిండుగలీబు, తువ్వాలు వేడినీళ్ళలో ఉతికితే చాలు. ఒక పనిమాత్రం చేయండి: ఆ రహస్యాల జట్టులోని తల్లులంతా ఒకే ఆదివారం దువ్వెన పట్టండి. విడివిడిగా చేస్తే పేలు ఇల్లు మారతాయే కానీ ఊరు వదలవు.

ప్రశ్న: పొద్దున కట్టిన రిబ్బన్ రెండో పీరియడ్‌కే జారిపోతుంది. నా పక్కపిల్లది సాయంత్రం దాకా ఉంటుంది. — ఒంటి రిబ్బన్

జవాబు: ముడిలో దిశ తప్పుతోంది. మొదటి సగం ముడిలో ఎడమ కొసని కుడిదాని మీదుగా తెస్తే, పువ్వు వేసేటప్పుడు కుడిదాన్ని ఎడమదాని మీదుగా తేవాలి. రెండుసార్లూ ఒకేవైపు వేస్తే నడిచేకొద్దీ దానంతటదే విడిపోయే ముడి పడుతుంది. షూ లేసులదీ ఇదే జబ్బు. కట్టాక అద్దంలో చూడండి: పువ్వు జడకి అడ్డంగా నిలిస్తే సరైనది, జడ వెంట నిలువుగా తిరిగితే తప్పుది. శాటిన్ నున్నగా ఉంటుంది కాబట్టి దానికి ముడొక్కటే చాలదు. రిబ్బన్ని మధ్యకి మడిచి, జడలో చివరి నాలుగైదు అల్లికల్లోకి పాయలతో పాటే కలిపి అల్లేసి, నాలుగు వేళ్ళ కుచ్చు వదిలి కట్టండి.

ఇంతా చేసి వెనక బెంచీ పిల్ల ఆ రిబ్బన్‌ని కుర్చీకి కట్టేస్తే అది ముడి తప్పు కాదు. ఆ అల్లరి మాత్రం సరదా కాదని ఆ పిల్లకి చెప్పండి. హాజరు పిలవగానే "ప్రెజెంట్" అంటూ లేచే మనిషి మెడ ఒక్కసారిగా వెనక్కి విరుచుకుపడుతుంది.

ప్రశ్న: భోజనం తర్వాత పీరియడ్ నాది. సగం క్లాసు కళ్ళు తెరిచే నిద్రపోతుంది. నా పాఠం అంత ఘోరమా? — ఒక టీచరు

జవాబు: పాఠానికి శిక్ష వేయకండి మేడమ్. మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు మధ్య ఒంట్లోని గడియారమే మందగిస్తుంది, భోజనం చేయకపోయినా సరే. దానికి తోడు ఎదిగే వయసులో నిద్ర హార్మోను రాత్రి ఆలస్యంగా మొదలవుతుంది. 14 నుంచి 17 ఏళ్ళవాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, చాలామందికి అంత దొరకదు. మొదటి పది నిమిషాలు వాళ్ళని నిలబెట్టి చేయించే పని పెట్టండి, కిటికీలు తెరవండి, తెర మీద బొమ్మలు చూపాలని దీపాలు ఆర్పకండి. దొంగనిద్రని పట్టుకోవాలంటే ముఖాలు కాదు, నోట్సు చూడండి. అక్షరం మొదలైన చోట గుండ్రంగా ఉండి, మధ్యలో తోకలా కిందికి జారి, పేజీ అంచుదాకా పోతే అక్కడ ఎవరో నిద్రపోయారు.

ప్రశ్న: బోర్డు మీద రాస్తే చాక్‌పీసు కీచుమంటుంది. క్లాసంతా చెవులు మూసుకుని అరుస్తారు. — బోర్డు లీడరు

జవాబు: సుద్ద పట్టి, జారి, మళ్ళీ పట్టడం సెకనుకి వేలసార్లు జరిగితే పుట్టే కూత అది. 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య చప్పుళ్ళే మన చెవికి అన్నిటికంటే దుర్భరం. చాక్‌పీసుని సగానికి విరిచేయండి, పొడుగు తగ్గితే ఊగడం తగ్గుతుంది. బోర్డుకి నిటారుగా కాకుండా బాగా వాల్చి పట్టుకోండి. విరిచిన రెండో సగం జేబులో వేసుకోకండి, పోయినసారి వచ్చిన ఉత్తరాల్లో తెల్ల మరకల గురించే పదకొండున్నాయి.